పాలంత పలచన

విమలా, నిన్ను నిద్ర లేపలేదు.

కిటికీలో గిలాసలో తెల్లగా ఉన్నది పాలు కాదు, రంగు. అమ్మ మరిచిపోయి చాయ్‌లో పోయకుండా చూడు. పక్క సీసాలోది స్పిరిట్. అది కలిపితే రంగు విరిగింది, ఇక నీళ్లే గతి.

రంగు చిమ్మే ఎయిర్ బ్రష్‌కు రంగు పాలంత పలచగా ఉండాలని పుస్తకంలో ఉంది. నిన్న నీ గిలాసలో పాలు చూసి, సరిగ్గా అంతే పలచగా కలిపాను. కొట్టగానే మా ఆఫీసుకు చేస్తున్న పాలకేంద్రం మోడల్ గోడల మీద నీళ్లలా కారింది. రేపే సాహెబ్ చూడటానికి వస్తాడు.

పొద్దున పాల కిషన్‌రావును నిలదీశాను. "నేను కలిపిన నీళ్లు చారెడే సార్. మిగిలింది మీ ఇంట్ల అడుగుండ్రి" అన్నాడు. అడిగాను. అమ్మ పెరుగుకు తీసి నీళ్లు పోసిందట. వదిన చుట్టాల చాయ్‌కి తీసి పోసిందట. ఆఖరు గిలాస నీది. నీకు ఐదో నెల. బీఎస్సీ చదివిన నాకు రంగు కారితే గాని తెలియలేదు.

ఇవాళ అర్ధ లీటరు వేరే తీసుకుని, కాచి, నీ ట్రంకు మీద మూత పెట్టి ఉంచాను. అంతా నువ్వే తాగు.

మళ్లీ రంగు కలపడానికి నమూనాకు ఒక్క చెంచా మిగల్చు. వదిన అడిగితే ట్రంకు మీదిది కూడా రంగే అని చెప్పు.