ఎనిమిది దుంగలు

1978 జూలై 12

ప్రియమైన ఎర్రమున్,

వాన పడకముందే గడ్డి కోసి కొట్టంలో వేసేశాను. కొత్త దూడ నీలాగే మొండిది, పాలకి తప్ప పిలిస్తే రాదు. ఆసుపత్రిలో చేరాకైనా భుజం నొప్పి తగ్గిందా? చెట్టు నీ మీదకి ఒరిగిన ఆ పొద్దు ఇంకా నా కళ్ళల్లోనే ఉంది.

ఒక మాట అడగాలి. ఆగస్టు జాతరలో దుంగలు నరికే పందేనికి మన ఊరి మార్చెల్ మీద పోటీకి నీ పేరు ఇచ్చావుగా. నిన్న చర్చి మెట్ల దగ్గర అతను నన్ను ఆపి, "ఏం వదినా, అన్న వస్తాడా? పేరు కొట్టేయించమంటావా?" అన్నాడు. వెటకారం కాదు, పాపం నిజంగానే అడిగాడు. ఏం చెప్పను?

నీ మాద్దలెన్

1978 జూలై 20

మాద్దలెన్‌కి, ప్రేమతో,

కొట్టేయించు. డాక్టరు తేల్చి చెప్పాడు. చెంచా ఎత్తగలను, గొడ్డలి ఎత్తలేను. ఇక ఈ జన్మకింతే.

మా తాతా, ఆయన తమ్ముడూ బొగ్గుల బట్టీ కోసం కొండమీద చెట్లు కొట్టేవాళ్ళు. ఎవరిది వాటమైన చెయ్యి అని అన్నాల దగ్గర మాటామాటా పెరిగి, ఆదివారం చర్చి ముందు బయల్లో తేల్చుకున్నారట. రోజూ చేసే పనినే పండగపూట పదిమందిలో చేసి చూపించడం, మా ఇంట్లో పందెమంటే అంతే. ఆ పని చేయలేనివాణ్ణి, ఆ బయల్లో ఏ మొహంతో నిలబడను?

గొడ్డళ్ళు అమ్మెయ్. ఆదివారాలు నాకోసం ఇంత దూరం పడి రాకు. ఇక్కడ నాకు బాగానే ఉంది.

ఎర్రమున్

1978 ఆగస్టు 16

ప్రియమైన ఎర్రమున్,

చివరిదాకా చదివి అప్పుడు తిట్టు. గొడ్డళ్ళు అమ్మలేదు. నీ పేరు కొట్టేయించి, అక్కడ నా పేరు రాయించాను. పొయ్యిలోకి కట్టెలు ఇన్నేళ్ళూ కొట్టింది నేనేగా! దాదాపు నెల్లాళ్ళు కొట్టం వెనక సాధన చేశాను.

నిన్న బయల్లో నన్ను చూసి మార్చెల్ తల పట్టుకున్నాడు. "నీతో పందెమా వదినా! ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దా నేను?"

"దుంగకేం తెలుసు మరిదీ, పైన నిలబడింది ఆడో మగో!"

జనం గొల్లుమన్నారు. ఒక్కొక్కరికి ఎనిమిది దుంగలు, ఒక్కోదాని మీదా ఎక్కి నిలబడి పాదాల మధ్య నరకాలి. నేను నాలుగోది ఎక్కేసరికి అతనివి అయిపోయాయి. ఐదో దుంగ దగ్గర నా అరచేతులు చిట్లాయి. అప్పటికి నవ్వులు ఆగిపోయాయి. మార్చెల్ చెమటైనా తుడుచుకోకుండా వచ్చి, నా కాళ్ళ దగ్గర వంగి వేలితో చూపించాడు. "ఇక్కడ కొట్టు వదినా. తొందరేం లేదు, ఊపిరి తీసుకో."

ఆపిల్ సారాయి పీపా తెరిచినా ఒక్కరూ కదల్లేదు. ఎనిమిదోది రెండుగా విడిపోయేదాకా నిలబడే ఉన్నారు.

ఓడిపోయాను ఎర్రమున్. ఇంటి పేరు నిలబెడదామని చేసింది కాదిది. నువ్వొచ్చాక ఆ బయలు చూసి తల తిప్పుకుని పోకూడదని. అక్కడ ఓడితే ఏమీ కాదయ్యా. నేను ఓడి చూశాను.

నీ మాద్దలెన్

1978 ఆగస్టు 21

నా మాద్దలెన్,

నీకు ఒక అబద్ధం చెప్పాను. ఆసుపత్రి నుంచి నన్ను పంపించేసి నెల దాటింది. రేవులో ఒక గోదాముకి కాపలా ఉంటున్నాను. ఆసుపత్రికి వచ్చే నీ ఉత్తరాలు అక్కడి నర్సు తెచ్చిస్తోంది. నిన్ను రావద్దన్నది అందుకే. ఇక ఊరికి రాకూడదనుకున్నాను. నీకెలా చెప్పాలో తెలియలేదు.

నీ ఉత్తరం చదువుతుంటే పక్కవాడు "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. "లేదు, నా భార్య పందెం ఓడిపోయింది" అన్నాను. ఇలా ఏడుస్తూ నవ్వేవాణ్ణి వాడెప్పుడూ చూసి ఉండడు.

పని మానేశాను. నీ కాళ్ళ దగ్గర వంగి చోటు చూపించాల్సింది మార్చెల్ కాదు, నేను. దానికి భుజం అక్కర్లేదు.

గురువారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. ఎదురు రావద్దు. చర్చి ముందు దిగి, అందరూ చూస్తుండగా ఆ బయలు మీదుగానే ఇంటికి నడిచి వస్తాను.

నీ ఎర్రమున్