గోద టీసీలో నా మాటలు

లాల్‌దర్వాజా,
1957 సెప్టెంబరు 9.

విద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా కుమార్తె గోద (వయసు పది) టీసీలో చేర్చిన "మతి స్థిరం లేదు" అన్న మాటలు తొలగించుట గురించి.

1. గోదకు ఏడో ఏట నుంచి మెడ విదిలింపు ఉంది. ఉన్నట్టుండి అరుస్తుంది, చేతిలో ఉన్నది విసురుతుంది. ఒక్కొక్కసారి నోట బూతు వస్తుంది. ఆపుకోమంటే ఎక్కువవుతుంది. ఇది నరాల జబ్బే కాని పిచ్చి కాదని డాక్టరు గారు ఇచ్చిన చీటీ జతపరిచాను. లెక్కల్లో క్లాసుకు మొదటిది.

2. నా భార్య కమల నిరుడు పోయింది. పదో రోజున బడి పెద్ద పంతులమ్మ రమాబాయి గారు వచ్చారు. కమలకు చిన్ననాటి స్నేహితురాలు. "అన్నా, గోద ఇగ నా బిడ్డ. దాని తీరు ఏందో అంత ఒక కాగితం మీద రాసియ్యి. టీచర్లు కొట్టకుంట చూసుకుంట. మనిద్దరి నడుమనే ఉంటది" అన్నారు.

3. రాసిచ్చాను. నేను దఫ్తరులో అనువాద గుమాస్తాను. కష్టం కొంత పెంచి రాస్తే గాని ఏ అర్జీ కదలదని ఎరిగినవాణ్ణి. అందుచేత "మతి స్థిరం లేదు, ఎవరినైనా కొట్టగలదు" అని లేనిది కూడా చేర్చాను. దెబ్బలు తప్పుతాయనుకున్నాను. అలవాటు కొద్దీ తేదీ వేసి సంతకం చేశాను.

4. జూలై 22న తమ ఇన్‌స్పెక్ట్రెస్ గారు తనిఖీకి వచ్చారు. గోద గంటసేపు పెదవి కొరుక్కొని ఆపుకొన్నదట. తరువాత ఆగలేదు. నోట వచ్చిన మాట ఇక్కడ రాయదగదు. మా సందులో పాలవాడు బర్రెను అదిలించే మాట. పలక విసిరింది. ఎవరికీ తగలలేదు. ఇన్‌స్పెక్ట్రెస్ గారిని క్షమించమని వేడుకుంటున్నాను.

5. మరునాడే పేరు కొట్టేశారు. నడవడిక గడిలో "మతి స్థిరం లేదు. తండ్రి ఒప్పుకోలు జతపరచడమైనది" అని రాసి, నా కాగితాన్నే టీసీకి కుట్టారు. అడగబోతే రమాబాయి గారు తల ఎత్తలేదు.

"నా నౌకరి పోతది అన్నా. నువ్వు రాసిందే గదా. నేను ఒక్క మాటన్న కలిపిన్నా?"

కలపలేదు.

6. ఛత్రినాకలో రెండు బడులు అది చదివి పిల్లను చేర్చుకోలేదు. పొరుగింటి ఆగమ్మ పసుపు పట్టుకొచ్చింది. "బడెందుకు సారూ? పోరికి అమ్మవారు పూనుతున్నది. వచ్చే బోనాలకు పీట మీద కూసోబెట్టుండ్రి, మస్తు జనం వస్తరు" అంటున్నది. తమరు కాదంటే నా బిడ్డకు మిగిలేది ఆ పీట.

కావున ఆ మాటలను, ఆ కాగితాన్ని తీసివేయించి, ఏ బడిలోనైనా గోదకు చోటు దొరికేట్టు ఉత్తరువు ఇప్పించుటకు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వేణుగోపాల్, బి.ఏ.

మరొక మాట: ఆ టీసీని గోద నా కంటే ముందే చదివింది. "బాపూ, గిది నీ రాతనే గదా?" అన్నది. నెల దాటింది, నాతో మాట్లాడదు. ఉత్తరువుతో పాటు, తండ్రి రాసింది అబద్ధమని తమ చేతితో ఒక్క వాక్యం రాసి గోద పేర పంపగలరా? నేను రాస్తే నమ్మదు.