ఏటి అవతలి ఉప్పు

తమ్ముడూ గియోమ్, సరిహద్దు పోయిందిరా! నా కొడుకు మతురాన్‌ను వదిలేస్తారు!

ఆదివారం పూజ అయ్యాక పాదిరిగారే చదివి వినిపించారు. ఇక ఆంజూ లేదు, బ్రిటనీ లేదు, పాత సీమలన్నీ రద్దు. ఉప్పు పన్నూ రద్దు. ఏటి అవతల, ఆ పన్ను లేని బ్రిటనీలో చవకగా కొన్న ఉప్పును ఇవతలికి తెచ్చి సంకెళ్ళు వేయించుకున్న వాళ్ళందరికీ విడుదలట. ఏటి ఒడ్డున ఉప్పు దొంగల్ని పట్టే కాపలావాడు కూడా మూట సర్దుకుంటూ, "ముసలోడా, ఇంక ఉప్పు నెత్తిన పెట్టుకుని ఊరేగు పో!" అన్నాడు. వాణ్ణి కౌగిలించుకున్నాను. మతురాన్‌ను పట్టుకున్నది వాడే!

నువ్వు బ్రెస్ట్ రేవులోనే తెరచాపలు కుడుతున్నావు కదా, ఉత్తరం అందగానే మతురాన్‌ను ఉంచిన అక్కడి ఖైదీల కొట్టుకు పరుగెత్తు. నా నాలుగు ఉత్తరాలకు వాడి జవాబు లేదు. చివరిసారి జ్వరమని రాయించాడు. ఖైదీల పేర్ల పట్టీలో ఆంజూ కింద వాడి పేరు లేకపోతే, మా జిల్లాను ఇప్పుడు మయెన్ అంటున్నారు, ఆ పేరు కింద చూడమను. అక్కడా లేదంటే మళ్ళీ చూడమను. లేడన్న మాట మాత్రం నాకు రాయకురా.

మరదలికి చెప్పు. మనక్క పెరీన్‌కు, ఆవిడ అల్లుడికి, వీత్రేలో బాబాయి కొడుకులకు కబురు పెట్టు. ఇక్కడ అందరికీ నేనే చెప్పాను, మతురాన్ కుక్కకు తప్ప. వాడి వెంట వీపున ఉప్పు మోసిన ఆ కుక్క ఇప్పటికీ ఖాళీ కాపలా గుడిసెను చూసి కంచె కిందుగా పాక్కుంటూ వస్తోంది. దానికి వాడే వచ్చి చెప్పాలి.