బేబీకి రావలసిన ఉత్తరం

2 ఫిబ్రవరి 2003, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరయ్యగారు నన్ను ఆపారు. కాన్వెంట్ వాళ్ళు ఈ ఏడాది మా తెలుగు సంఘానికి ఎల్‌కేజీలో ఒక్క సీటే ఉంచారట. అయ్యగారు ఎవరికి ఉత్తరం రాసిస్తే వాళ్ళ పిల్లకే సీటు. అడిగినవాళ్ళం ఇద్దరం. మా చిన్ని కోసం నేను, వాళ్ళ బేబీ కోసం ఆవులప్ప.

ఆవులప్పకే ఇద్దామనుకుంటున్నానమ్మా, వాళ్ళు ఒక్క ఆదివారం కూడా తప్పరు కదా అన్నారు. అవునండీ అన్నాను. ఏమనను? ఆవులప్ప హిందూపురం వైపు నుంచి వచ్చిన మేస్త్రీ. ఎలక్ట్రానిక్ సిటీలో మా ఆఫీసు వెనక కడుతున్న బిల్డింగు దగ్గర రేకుల షెడ్డులో ఉంటారు. అక్కణ్ణుంచి రెండు బస్సులు మారి, అందరికన్నా ముందొచ్చి జంపఖానాలు పరుస్తాడు. మేము ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంటే రాము. రిలీజ్ లేకపోతే నిద్ర లేవం.

ఒక్కటే డౌట్ అన్నారు అయ్యగారు. బాప్తిస్మం తీసుకుని ఆరేళ్ళయినా ఆవులప్ప కాగితాల్లో ఇంకా హిందువే. ఎస్సీ సర్టిఫికెట్ అలాగే ఉంచుకున్నాడు. మా సంఘంలో సగం మందిది ఇదే కథ, ఎవరూ పైకి మాట్లాడరు. క్రైస్తవుడినని రాయించుకుంటే ఆ సర్టిఫికెట్ పోతుంది. ఆవులప్ప పెద్దమ్మాయి కళ్యాణి ఊరి దగ్గర ప్రభుత్వ హాస్టల్లో ఉండి చదువుతున్నది దాంతోనే. కాన్వెంట్ వాళ్ళు దీనికేమంటారో కనుక్కో, సంఘం సెక్రటరీవి నువ్వే కదా అన్నారు.

4 ఫిబ్రవరి, లంచ్ టైమ్

ఫోన్ చేశాను. కాన్వెంట్ ఆఫీసులో సిస్టర్ రెండు నిమిషాల్లో తేల్చేసింది. ఆ సర్టిఫికెట్లతో మాకు పనిలేదు, పాస్టర్ ఉత్తరం చాలు అంది. థాంక్స్ చెప్పి పెట్టేశాను.

5 ఫిబ్రవరి

ఎవరికీ చెప్పలేదు.

9 ఫిబ్రవరి, ఆదివారం

కాన్వెంట్ వాళ్ళు కాగితాలు చూస్తారట అయ్యగారూ, ఆవులప్పకు కష్టమే అన్నాను. ఆఫీసులో నా పని టెస్టింగ్. పొద్దస్తమానం ఇతరుల తప్పులు పట్టి జీతం తీసుకుంటాను. నన్ను టెస్ట్ చేసేవాళ్ళు లేరు.

అయితే చిన్నికే రాయమ్మా అన్నారు. నా కూతురి ఉత్తరం నేనే టైప్ చేశాను. ఆయన చదవకుండా సంతకం పెట్టారు. అంత నమ్మకం నా మీద.

ఆవులప్పకు చెప్పే పనీ నాకే పడింది. కోప్పడితే బాగుండేది. మాదే తప్పక్కా, కాగితంలో ఒగటి కడుపులో ఒగటి పెట్టుకుంటే దేవుడు ఊరికే ఉంటాడా అన్నాడు. అని, జంపఖానాలు మడతపెట్టడానికి వెళ్ళిపోయాడు.

10 ఫిబ్రవరి

మా ఆయనకు చెప్పాను. అందరూ చేసేదే, మన పిల్లను మనం చూసుకోకపోతే ఎవరు చూస్తారు అన్నాడు. ఆ మాట వినడానికే చెప్పానేమో. విన్నాక కూడా అన్నం సహించలేదు.

23 ఫిబ్రవరి

చర్చికి వెళ్ళలేదు. జ్వరమని చెప్పించాను. ఇంకో అబద్ధం.

2 మార్చి, ఆదివారం

ఈ రోజు ప్రభువు బల్ల. మనసులో పాపం పెట్టుకుని ఆ రొట్టె తినకూడదు. రొట్టె నా దాకా వస్తే తల వంచుకుని పక్కకు పంపేశాను. అందరూ చూశారు. నేనూ మా ఆయనా పోట్లాడుకున్నామని అనుకుని ఉంటారు.

ఆవులప్ప భార్య నర్సమ్మ వచ్చి, ఒంట్లో బాగలేదా అక్కా అని నా నుదురు పట్టి చూసింది. తర్వాత తన బాధ చెప్పుకుంది. ఆవులప్ప ఈ వారం ఊరికి పోతాడట. సర్టిఫికెట్ మండలాఫీసులో తిరిగి ఇచ్చేసి, క్రైస్తవుడినని రాయించుకుని వస్తాడట. యాల అంటే, నేను దొంగగా ఉండానే, అందుకే బిడ్డకు సీటు పోయింది అంటాడక్కా అంది. మరి కళ్యాణి హాస్టల్ అని అడిగాను. దేవుడే చూసుకుంటాడు అంటాండాడు, నాకేమో బయంగా ఉండాది అంది.

అక్కడే చెప్పేయాల్సింది. చుట్టూ జనం. సిగ్గేసింది. రేపు వెళ్ళి చెబుతాను.

3 మార్చి

రిలీజ్ పని. వెళ్ళడానికి తీరలేదు.

అబద్ధం. మధ్యాహ్నం గంటసేపు ఖాళీ దొరికింది. షెడ్డు ఆఫీసు వెనకే. క్యాంటీన్‌లో కూర్చుని టీ తాగాను.

4 మార్చి, సాయంత్రం

పొద్దున సెలవు పెట్టి అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. ఏడ్చాను. ఆయన తిట్టలేదు. బేబీ పేరు మీద కొత్త ఉత్తరం నా చేతే టైప్ చేయించారు. ఈసారి ప్రతి ముక్కా చదివి సంతకం పెట్టారు. కాన్వెంట్‌కి తీసుకెళ్ళి సిస్టర్‌కు ఇచ్చాను. తప్పు నాదని చెప్పి పాతది వెనక్కు తీసుకున్నాను. ఆమె నన్నొకసారి చూసి కొత్తది తీసుకుంది.

అక్కణ్ణుంచి షెడ్డుకు పరుగెత్తాను. నర్సమ్మ ఒక్కతే ఉంది. నిన్న సాయంత్రం బండికే పోయినాడు కదక్కా అంది.

9 మార్చి, ఆదివారం

ఆవులప్ప తిరిగొచ్చాడు. సర్టిఫికెట్ ఇచ్చేశాడు. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, ఫోన్ చేసిన రోజు నుంచి అన్నీ చెప్పాను. ఆ సిస్టరమ్మ కాగితమే అడగలేదా అన్నాడు. అడగలేదన్నాను. మళ్ళీ అదే అడిగాడు. నర్సమ్మ లేచి, నా వైపు చూడకుండా బయటికి వెళ్ళిపోయింది.

పోనీలే అక్కా, నేను దాచింది మాత్రం నిజమే కదా అన్నాడు. నువ్వు అబద్ధం చెప్పకుంటే నేను నిజం చెప్పుండేవాణ్ణే కాదు అన్నాడు. క్షమించాడు. చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

20 ఏప్రిల్, ఈస్టర్

హాస్టల్ వాళ్ళు వచ్చే ఏడాదికి కళ్యాణి పేరు తీసేశారు. ఇంకో హాస్టల్‌కు అర్జీ నేనే రాసి పంపాను. చిన్నిని మా వీధి చివర స్కూల్లో చేర్చాం. అదేం బాధపడలేదు. నర్సమ్మ నాతో మాట్లాడటం లేదు.

25 మే

అర్జీకి జవాబు లేదు. కళ్యాణి వచ్చేసింది. షెడ్డులో వంట చేస్తోంది.

2 జూన్, సోమవారం

బేబీకి మొదటి రోజు. ఆవులప్ప రమ్మంటే నేనూ వెళ్ళాను. చెల్లెల్ని లోపలికి పంపి కళ్యాణి గేటు పట్టుకుని నిలబడింది. పదమూడేళ్ళ పిల్ల. అక్కా, నాకూ అయ్యగారితో ఉత్తరం రాయిస్తే ఈడ చేర్చుకుంటారా అని అడిగింది.

ఉత్తరం చాలదమ్మా, మనకున్నది ఆ ఒక్క సీటే అన్నాను.

ఈసారి నిజమే చెప్పాను.