నూట పద్దెనిమిది చేతిరాతలు

అమ్మకు నీ చిన్నది రాస్తున్నది.

నేనిక్కడ కులాసా. నువ్వూ, అక్కా, ఇంటికి కొత్తగా వచ్చిన ఆ పిడికెడు మనిషీ అక్కడ కులాసాగా ఉన్నారనే నా నమ్మకం. వాడిది అచ్చం నీ ముక్కేనని రాశావు. ఇంకా పసివాడు కదా, మారుతుందిలే.

నువ్వడిగిన వాటికి వరసగా జవాబులు. దగ్గు పూర్తిగా తగ్గింది. జుట్టు కత్తిరించుకున్న మాట నిజమే. నీకు చేరవేసింది ఎవరో కూడా తెలుసు, అక్కతో చెప్పు. "ఆడవాళ్ళ గుంపుతో తిరుగుతున్నావట, గొడవల్లో ఇరుక్కోలేదు కదా?" అని అడిగావు. దానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. తీరిగ్గా కూర్చుని చదువు.

మా పేటనుంచి ఉదయం అయిదూ పదికి బయల్దేరే మొదటి బస్సును వేసవిలో ఆపేశారు. ఎక్కేవాళ్ళు తక్కువట. ఎక్కేది ఆసుపత్రి ఆయాలు, ఆఫీసులు ఊడ్చేవాళ్ళు, బట్టల కార్ఖానాలో పనిచేసేవాళ్ళు. అప్పట్నుంచి వాళ్ళంతా చీకట్లో మూడు కిలోమీటర్లు నడిచి పెద్దరోడ్డు మీద ఇంకో బండి పట్టుకోవాల్సి వచ్చేది. ఆసుపత్రిలో మూడుసార్లు ఆలస్యమైతే పనిలోంచి తీసేస్తారు.

వాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు నేను పనిచేసే గ్రంథాలయంలో పిల్లల గదిలో కూడుతారు. పొట్టి కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంటారు. అధ్యక్షురాలంటూ ఎవరూ లేరు. వారానికొకరు మీటింగు నడుపుతారు. "ఒక్కర్ని పెద్దని చేశామనుకో, ఆ ఒక్కర్ని బెదిరిస్తే చాలు, మన పని అయిపోతుంది" అంటుంది బటన్ల పిన్ని. ఆమె కార్ఖానాలో చొక్కాలకు బటన్లు కుడుతుంది. వాళ్ళకు ఇంకో నియమం కూడా ఉంది. ఎవరు సణిగితే ఆ పని వాళ్ళదే.

నేను తాళం వేసుకోవడానికి ఎదురుచూస్తూ, వాళ్ళ కరపత్రం చూసి, "ఎనిమిది తప్పులు" అని మనసులో అనుకున్నాను. పైకి వినబడింది.

"ఎవరే సణిగింది?" అంది హారన్ అక్క. ఆసుపత్రి ఆయా. ఆమె మామూలుగా మాట్లాడితేనే వీధి చివర సైకిళ్ళు పక్కకు తప్పుకుంటాయి. "నువ్వా? ఇంద, కలం పట్టుకో."

అలా రాతకోతలన్నీ నాకు వచ్చాయి. నా పేరు కూడా ఫుల్‌స్టాప్ అయింది.

రవాణా కార్యాలయం పద్ధతి ప్రకారం, నెలాఖరులోగా వందమంది వేర్వేరుగా అభ్యంతరం రాసిస్తే విచారణ జరపాలి. వీధికి ఒకరు చొప్పున పంచుకుని ఇల్లిల్లూ తిరిగారు. నూట నలభై మూడు ఉత్తరాలు పోగయ్యాయి. అన్నీ పిల్లల నోటుపుస్తకాల్లోంచి చింపిన కాగితాలే. పెన్సిలు రాతలు, వంకర గీతలు, సగంలో ఆగిపోయిన వాక్యాలు. వాటిని ఒక సంచిలో వేసి నా చేతికిచ్చారు.

మా కాన్వెంటు సిస్టర్లు బళ్ళో ఎలా నేర్పారో నీకు తెలుసు. ముందు రఫ్, తర్వాత ఫెయిర్. ఫెయిర్ రాశాక రఫ్ కంటికి కనబడకూడదు. నాలుగు రోజులు కూర్చుని నూట నలభై మూడూ ఫెయిర్ రాశాను. మార్జిన్ గీశాను. పాత స్టాపు దగ్గర అందరిచేతా సంతకాలు, వేలిముద్రలు పెట్టించాను. పాత కాగితాల వెనక ఖాళీగా ఉంది కదా అని, వాటిని సన్నగా కత్తిరించి, పుస్తకాలకు వాపసు తేదీ చీటీలు అంటించాను. ఆ పని చేస్తున్నంతసేపూ చాలా తృప్తిగా ఉందమ్మా.

కార్యాలయంలో ఇచ్చిన వారానికి కట్ట తిరిగి వచ్చింది. పైన ఎర్రసిరాతో రాసి ఉంది: "ఒకే చేతిరాత, ఒకే భాష. ఒక అభ్యంతరంగా పరిగణించడమైనది." నెలాఖరుకు ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

అలా రాసిన అధికారిని తప్పుపట్టలేను. బటన్ల పిన్ని తన కాగితంలో ఇలా రాసింది: "ఆ బస్సులో ఇరవై నిమిషాలు నిద్రపోతాను. రోజు మొత్తంలో నన్నెవరూ పిలవని టైము అదొక్కటే." నేను దాన్ని "ప్రయాణికుల విశ్రాంతికి భంగం కలుగుచున్నది" అని మార్చాను. మార్చి, బాగుందని కూడా అనుకున్నాను.

ఆ ఆదివారం లేచి నిలబడి అంతా చెప్పాను. నా గొంతు నాకే వినబడలేదు. "గట్టిగా!" అన్నారు. మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది.

"అంటే నా ఉత్తరం ఇప్పుడు ఏ పుస్తకంలో ఉంది?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"ఒక ముక్క కుట్లు అల్లికల్లో. మిగతావి... పశువుల వైద్యంలో."

గది గొల్లుమంది. హారన్ అక్క మాత్రం నవ్వలేదు. ఆ మనిషి అంత నెమ్మదిగా మాట్లాడగలదని నాకు అప్పుడే తెలిసింది.

"నాకు రెండు ఆలస్యాలు అయిపోయాయి, ఫుల్‌స్టాప్. ఇంక ఒక్కటే మిగిలింది."

 బటన్ల పిన్ని కొత్త నోటుపుస్తకం నా ముందు పెట్టింది. "ఈసారి నువ్వు తిరుగు. నీకు తోడు ఎవరూ రారు. వస్తే నువ్వు వెనక నిలబడతావు."

అమ్మా, పక్కింటివాళ్ళను కత్తెర అడగడానికి కూడా నిన్ను పంపినదాన్ని కదా నేను. మొదటి ఇంటి ముందు తలుపు తట్టకుండా ఎంతసేపు నిలబడ్డానంటే, లోపలివాళ్ళు పాలవాడనుకుని గిన్నె పట్టుకొచ్చారు. అయిదు రోజులు తిరిగాను. పగలు పుస్తకాలు, సాయంత్రం తలుపులు. కొందరు మొహం మీదే తలుపు వేసేశారు. "ఒకసారి రాశాం కదా, పనీ పాటా లేదా?" అన్నారు. ఒకావిడ అట్లకాడతోనే వచ్చి, నా తప్పంతా విని, "నా అక్షరాలు బాగాలేవని మార్చావా?" అంది. నోటుపుస్తకం ఆమె ముందు పెట్టాను. అప్పుడు కూర్చుని రాసింది, ఎంత వంకరగా రాయగలదో అంత వంకరగా, నన్నే చూస్తూ.

రాయడం రానివాళ్ళు చెబుతుంటే నేను రాశాను. ఒక్క అక్షరం దిద్దలేదు. "ఆ బండి డ్రైవరు నేను కుంటుతూ వస్తుంటే ఆగేవాడు, పెద్దరోడ్డు మీద ఎవడూ ఆగడు" అని ఒకామె అంటే అలాగే రాశాను. కింద ఆమె వేలిముద్ర, పక్కన "చెప్పింది ఈమె, రాసింది నేను" అని నా సంతకం. బటన్ల పిన్ని ఇంటికి చివరగా వెళ్ళాను. "అప్పుడేం రాశానో గుర్తులేదే" అంది. నాకు గుర్తుంది. చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసి, "బాగానే చదివావన్నమాట" అని, మళ్ళీ తన చేత్తో రాసుకుంది.

చివరిరోజు కార్యాలయం మూసేలోపు నూట పద్దెనిమిది ఇచ్చాం.

విచారణ రోజు అధికారి "మీ నాయకురాలు ఎవరు?" అని అడిగారు. ఎవరూ లేవలేదు. ఆయన విసుక్కుని కట్ట విప్పారు. రెండు చదివారు. మూడోది పిన్నిది. దాన్ని పైకి చదువుతూ, మధ్యలో ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చదవండి సార్" అంది హారన్ అక్క, తన మామూలు గొంతుతో. బయట గుమాస్తా ఉలిక్కిపడ్డాడు. "ఇంకా నూట పదిహేనున్నాయి. మాకు తొందరేం లేదు, ఈ రోజు సెలవు పెట్టుకునే వచ్చాం."

మూడు నెలలపాటు ప్రయోగంగా బస్సు నడుపుతామన్నారు. సోమవారం నుంచి వస్తోంది. హారన్ అక్కకు మూడో ఆలస్యం పడలేదు. మూడు నెలల తర్వాత మళ్ళీ ఆపుతారేమోనని, ఎక్కేవాళ్ళ లెక్క మేమే రోజూ రాసుకుంటున్నాం. స్టాపు దగ్గర పైకప్పు లేదని నిన్న నేను కావాలనే సణిగాను. ఆ పనీ నాకే వచ్చింది.

ఇక, చెప్పాలా వద్దా అని ఇంతదూరం లాక్కొచ్చిన మాట.

నీకు మూడేళ్ళుగా రాసినవన్నీ కూడా ఫెయిర్ ఉత్తరాలే. ముందు రఫ్ రాసుకుని, నిన్ను బాధపెట్టేవి తీసేసి, మళ్ళీ రాసి పంపేదాన్ని. మొదటి ఏడాది "ఇక్కడ అందరూ నన్ను బాగా చూసుకుంటున్నారు" అని రాశాను. అందరూ అంటే ఎవరూ లేరమ్మా. కొన్ని ఆదివారాలు ఒక్క మాట మాట్లాడకుండా గడిచిపోయేవి. అయిదు రోజులు జ్వరంతో పడుకుని, "కాస్త నలతగా ఉంది" అని రాశాను. రెండుసార్లు పెట్టె సర్దుకుని స్టేషను దాకా వెళ్ళి తిరిగి వచ్చాను. నువ్వు అవన్నీ నమ్మి నిశ్చింతగా ఉన్నావో, నమ్మలేదని నాకు తెలియకూడదని నువ్వూ ఫెయిరే రాశావో నాకు తెలియదు.

ఇప్పుడు బాగున్నాను. ఈ మాట మొదటిసారి రాసిందే, దిద్దింది కాదు. కొట్టివేతలు చాలా ఉన్నాయి. కాగితం వెలుతురుకు పెట్టి చూస్తే కింద ఏముందో కనబడుతుంది. చూడు. నువ్వు కూడా ఈసారి అలాగే రాయి. నీ మోకాలు నిజంగా ఎలా ఉంది, రాత్రి ఎంతసేపు నిద్రపోతున్నావు, ఆ ఇంట్లో నిన్నెవరూ పిలవని టైము నీకంటూ కాస్తయినా ఉందా?

ఇట్లు,
ఫెయిర్ రాయకుండానే కవరు అంటిస్తున్న
నీ చిన్న కూతురు