మోగని కంచు చెంబు

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ పేర నీళ్లు పెడదామని అప్ప నీ కంచు చెంబు బయటికి తీసింది. అలవాటు కొద్దీ గోటితో కొట్టి చూశాను. ఖంగుమనాల్సిన కంచు కుండపెంకులా టక్కుమంది. మొన్న మెరుగు పెట్టడానికి పట్టుకెళ్లిన కాశీబుగ్గ కంచరే మార్చేశాడని అనుమానం పుట్టి, చెంబుతో సహా అతని కొట్టు మీద పడ్డాను.

"ఏరా దొంగా, మా బావ చెంబేదీ?"

అతను చెంబు తిప్పి అడుగు చూపించాడు. "తిట్టకండి బావు, ఇది మీదే. పగులు కనబడకుండా ఎవులో లక్క పూసీసినారు. సానా పాత పగులు."

అప్పుడు గుర్తొచ్చింది. నిన్ను ఏడిపించడానికి బావి పక్క చెట్టెక్కి ఆ చెంబును కొబ్బరిమట్టకు కట్టింది నేనే. అది జారి బావి రాతిమీద పడితే నువ్వు ఎత్తి చూసుకుని, "ఏటీ కానేదురా" అన్నావు. మర్నాటి నుంచి నాకు మంచినీళ్లు కొబ్బరి చిప్పలోనే ఇచ్చావు. బావమరిదంటే చులకనని ఊరంతా నిన్ను ఆడిపోసుకున్నాను. నువ్వేమో పగులుకు లక్క పూసి, చెంబు నా గోటికి దొరక్కుండా దాచావు.

కంచరికి దండం పెట్టి ఇంటికొచ్చాను.

"దొంగ దొరికేడేటి తమ్ముడూ?" అంది అప్ప.

"దొరికేడు. ఆడికి చిప్పలో నీళ్లియ్యప్పా," అన్నాను.