హద్దుకొయ్యల మంట

జూన్ 3, మంగళవారం

అడక్కుండా ఈ పుస్తకం తెరిచినవాడా, ముందు దీనికి జవాబు చెప్పు: గిన్నె లేని పొయ్యికి మంట ఎందుకు?

చెప్పలేవు. నేనూ చెప్పలేకపోయాను. ఇవాళ క్యాంపులో పద్నాలుగు పొయ్యిలు చూశాను. పద్నాలుగూ మండుతున్నాయి. మూడింటి మీదే గిన్నెలున్నాయి. మిగతావాటి చుట్టూ జనం గొంతుక్కూర్చుని, పసిపిల్లకి ఉగ్గు పెడుతున్నంత ఓపిగ్గా పుల్లలు తినిపిస్తున్నారు. ప్రతి పొయ్యికీ ఒక వైరు, వైరు చివర ఒక ఫోన్.

ఏరు మా వీధిని తుడిచిపెట్టి ఏడు నెలలు. స్కూలు మైదానంలో టెంట్లు. కరెంటు లేదు. సహాయ సంస్థవాళ్ళు పోయిన వారం ఈ స్టవ్‌లు పంచారు, నాలుగు టెంట్లకి ఒకటి. స్టీలు డబ్బా, పక్కన నారింజ రంగు పెట్టె. మంట వేడికి అందులో కరెంటు పుడుతుంది. దాంతో చిన్న ఫ్యాన్ తిరుగుతుంది, మిగిలింది ఫోన్‌కి. బొటనవేలంత పుల్లలే పడతాయి, అవీ ఎండువే. ఐదు నిమిషాలకోసారి వెయ్యాలి. మానేస్తే ఆకుపచ్చ లైటు ఆరిపోతుంది. లైటు ఆరితే ఒకటే గగ్గోలు.

నిప్పు మనిషికి ఊడిగం చెయ్యాలి. ఇక్కడ మనిషే నిప్పుకి చేస్తున్నాడు.

జూన్ 4, బుధవారం

బావమరిదితో గొడవ. మా పొయ్యికి అతనే కాపలా. లారీ నడిపేవాడు. లారీ ఏట్లో కొట్టుకుపోయింది, నోరు మాత్రం మిగిలింది.

ఇంత చార్జింగ్ ఏం చేసుకుంటావురా అని అడిగాను. ఇళ్ళస్థలాలు ఎప్పుడిస్తారో ఆఫీసుకి ఫోన్ చెయ్యాలి బావా అన్నాడు. పొద్దున్నుంచి పన్నెండుసార్లు చేశాడట. లైన్లో ఉండమని పాట వేస్తారట. పాట పూర్తయ్యేలోపు బ్యాటరీ అయిపోతుందట. మళ్ళీ పొయ్యి. మళ్ళీ పాట.

ఆ మంట ముందు మోకరించే బదులు దేవుడి ముందు మోకరించరా అన్నాను. నీ ఫోన్ మాత్రం ఆయన మొదటి రింగుకే ఎత్తుతున్నాడా బావా అన్నాడు. నా భార్య పకపకా నవ్వింది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు, ఇంకా తమ్ముడి పార్టీయే.

చెప్పులు కుడుతూ అక్షరాలు కూడబలుక్కుని పాస్టరైనవాణ్ణి. బైబిలు వాక్యం నాకు ఎవరూ అరువివ్వలేదు. దేవుడు అడగని అన్య అగ్ని గుడారంలోకి పట్టుకొచ్చి, ఆ అగ్నికే కాలిపోయిన ఇద్దరు అన్నదమ్ముల కథ విప్పి చూపించాను. వాళ్ళకి కూడా సిగ్నల్ లేదా అని అడిగాడు.

జూన్ 5, గురువారం

మా చెల్లెలి టెంట్ మళ్ళీ కారింది. పాపకి ఇరవై రోజులు. కింద పరవడానికి పొడి గుడ్డ ఒక్కటి లేదు.

జూన్ 6, శుక్రవారం, మధ్యాహ్నం

కబురొచ్చింది! సోమవారం పదింటికి సర్వేయర్ వస్తాడు. మైదానం వెనక మెరక మీద డెబ్బై రెండు ప్లాట్లు. వేసవిలో పదకొండు రోజులు ఎండలో కొలిచి మూలమూలకీ కొయ్యలు దిగ్గొట్టి వెళ్ళాడు. ఆ కొయ్యల మధ్య ఎవరి ప్లాట్‌లో వాళ్ళని నిలబెట్టి కాగితం చేతికిస్తారు. ఈ విడత తప్పితే మళ్ళీ వానలయ్యాకే.

చెల్లెలిది పదిహేడో నంబరు. పెద్ద వానలు దిగేలోపు పాప తల మీద నాలుగు రేకులు పడతాయి. చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. నా ముందు అది ఏడవడం చూసి చాలా రోజులైంది. సంతోషంతో అయితే మరీను.

అదే రోజు, సాయంత్రం

రాయడానికి సిగ్గుగా ఉంది. ఆదివారం ప్రసంగంలో ఈ పొయ్యిల మీద ఒక గంట దంచుదామనుకున్నాను. చేతిమైకులో చార్జింగ్ లేదు. వెళ్ళి పొయ్యి దగ్గరే కూర్చున్నాను.

బావమరిది జరిగి చోటిచ్చాడు. తిట్టినా బాగుండేది. ఒక కట్ట పుల్లలు అందించాడు. బాగా ఎండినవి, అన్నీ జానెడే, ఈ డబ్బా కొలతకి కోసినట్టు. ఒక కొస ఎర్రగా ఉంది. ఎక్కడివిరా అంటే సరుకుల పెట్టెలు విరగ్గొట్టామన్నాడు. నా చేత్తోనే తొమ్మిది వేశాను. లైటు ఆరనివ్వలేదు. బాగా మండాయి.

జూన్ 8, ఆదివారం

నా మీద నాకే ఉమ్మెయ్యాలని ఉంది.

పొద్దున గంటసేపు మాట్లాడాను. మైకు గంటలా మోగింది. వెనక టెంట్ల దాకా వినపడిందట. తర్వాత ఒంటరిగా ప్రార్థన చేసుకుందామని మెరక ఎక్కాను. చెల్లెలి పదిహేడు కోసం వెతికాను. కొయ్య లేదు. పదహారుకీ లేదు. ఇరవైలకీ లేదు. వరసంతా గుంటలు. చివర వరసలో ఒక్క కొయ్య మిగిలింది. తల మీద ఎర్ర రంగు.

శుక్రవారం నేను పొయ్యిలో వేసిన పుల్లలకీ ఇదే ఎరుపు. తొమ్మిది. నా చేత్తో. పొరుగువాడి హద్దు కదిపినవాడి గతేమిటో నాకు పేజీతో సహా తెలుసు. దాన్ని అందరికీ చదివి వినిపించేది నేనే.

కిందికి దిగి ఒక్కొక్క పొయ్యి దగ్గరా నిలదీశాను. ఒకటే పాట. మేం రెండే పీకాం. మేం మూడే. తడికర్ర మండదు కదా, ఏం చెయ్యమంటావ్? మాది మాత్రం ముట్టుకోలేదు, పక్కవాళ్ళదే పీకాం. ఎవ్వడూ తన స్థలంలోది పీకలేదు! అంత తెలివి! నాలుగు ప్లాట్లు కలిసే చోట కొయ్య ఒక్కటే. పక్కవాడి మూల పీకితే నీ మూల కూడా లేచిపోయినట్టే కదరా అంటే అప్పుడు వేళ్ళ మీద మూలలు లెక్కపెట్టుకోవడం మొదలెట్టారు. స్థలం ఎప్పుడిస్తారని అడగడానికి ఆ స్థలాన్నే తగలబెట్టారు.

బావమరిది మాత్రం తల దించుకున్నాడు. నీ మైకు కోసం పీకింది నలభైల వరసలోవి బావా అన్నాడు. మనవి కాదు కదా అనుకున్నాడట. వెటకారం పోయింది గొంతులోంచి. అతన్ని కొట్టడానికి చెయ్యెత్తి దించేశాను. పుల్లలు వేసిన చెయ్యే అది.

కొలతలప్పుడు టేపు పట్టిన కుర్రాణ్ణి అడిగి, అతని ఫోన్‌లోంచే సర్వేయర్ సొంత నంబరుకి చేశాం. ఎత్తాడు. అరిచాడు. గుర్తులు లేకపోతే ఒక్కరికీ కాగితం ఇవ్వనన్నాడు. తర్వాత కాస్త తగ్గి, గుంటలైనా ఉన్నాయా అని అడిగాడు. గుంట ఉన్నచోట గుర్తు నిలబెట్టి ఉంచితే, తన కొలతతో సరిచూసుకుంటాడట. గుంట పూడితే అంతే.

పడమట మబ్బు నల్లగా ఉంది. టెంటు టెంటుకీ తిరిగి చెప్పాను. మైకు ముట్టుకోలేదు. పొద్దున చూద్దాంలే అన్నారు, ఫోన్లలోంచి తలెత్తకుండా.

జూన్ 9, సోమవారం, ఉదయం 6:40

చినుకులు. గొంతు పూర్తిగా పోయింది. ఈ పేజీ చింపి నీళ్ళ ట్యాంకుకి అంటిస్తున్నాను. చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకి వినిపించండి.

గుంటల్లోకి బురద జారుతోంది. గరిటె, గొడుగు, చేతికర్ర, ఏది దొరికితే అది తెచ్చి దిగ్గొట్టండి. ఏమీ లేనివాళ్ళు కాలు పెట్టి నిలబడండి. మీ నంబరు వెతుక్కోకండి, కాలికి తగిలిన మొదటి గుంటలో నిలబడండి. మా చెల్లెలి మూలలో ఎవరు నిలబడతారో నాకు తెలియదు. నేను నలభై ఒకటి దగ్గరున్నాను. నా బావమరిది నలభై రెండు దగ్గర. ఇంకా ఎనభై మంది పైనే కావాలి.

పది దాకా కదలొద్దు. ఫోన్ పక్కన పడెయ్యండి. లేవండి. ఇవాళే, ఇప్పుడే, మెరక మీదికి.